గొంతు వచ్చింది, అమ్మ రాలేదు

"దూది! ముందు ఆ దూది ఇటివ్వండి అత్తయ్యా, తిట్లు తర్వాత తిట్టుకుందాం!"

పిల్ల పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి కారుతోంది. గడప తట్టుకుని బోర్లా పడింది. ఏడాది దాటి రెండు నెలలైన పిల్ల, గోడ పట్టుకుని నడవడం ఈమధ్యే నేర్చింది, పడదూ మరి! నడక నేర్చే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ గడపకి ఈ పాపం ఉండనే ఉంటుంది.

కానీ ఈ పిల్ల ఏడవలేదు.

లేచి కూర్చుంది. చుట్టూ ఒకసారి చూసింది. అమ్మ పక్కనే ఉంది, చేతులు చాచి ఉంది. పిల్ల ఆ చేతుల వైపు రాలేదు. పాక్కుంటూ వెళ్ళి నాయనమ్మ కుట్టుమిషను కిందికి దూరింది. మిషను ఇనప కాలు ఒక చేత్తో పట్టుకుని, నోట్లోకి వస్తున్న రక్తాన్ని చప్పరిస్తూ కూర్చుండిపోయింది.

తల్లి వంగి బయటికి లాగి ఒళ్ళో వేసుకుంది. పిల్ల ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోయింది. దూదితో తుడుస్తుంటే కిక్కురుమనలేదు. కళ్ళు మాత్రం తల్లి మొహం తప్పించి మిగతా ఇల్లంతా చూస్తున్నాయి.

"చూశావా, ఎంత గట్టిపిల్లో!" అంది అత్తగారు మురిసిపోతూ. "ఇంత రక్తం కారినా ఏడవలేదు. నా మనవరాలు బంగారం!"

"అత్తయ్యా, ఇంత రక్తం కారినా ఏడవలేదు."

"నేనూ అదేగా అంటున్నాను."

"నేనూ అదే అంటున్నాను," అంది కోడలు. 

కోడలిది ఊరందరికీ తెలిసిన గొంతు. బస్ స్టేషన్లో అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో మైకులో చెప్పే ఉద్యోగం ఆమెది. వీధిలో వాళ్ళకు ఆమె అనౌన్సరమ్మ. ఆ పిలుపు వింటే లోలోపల కాస్త గర్వపడేది కూడా. ఇవాళ మాత్రం ఆ గర్వం ఏ మూలకు పోయిందో.

ఇంకో సంగతి. ఈ పిల్ల పుట్టినప్పుడు పెట్టిన కేకకి, ఆసుపత్రి వరండాలో నిలబడ్డ మామగారు "పిడుగు పడిందిరోయ్!" అన్నాడట. అదే పేరై కూర్చుంది. ఆకలేస్తే పిడుగు, నిద్రొస్తే పిడుగు, తడిస్తే పిడుగు. అమ్మ ఎత్తుకుంటే మాత్రం ఠక్కున ఆగేది. అలాంటి పిల్ల, తల్లి ఉద్యోగంలో చేరిన కొత్తలో నెలరోజులు ఇల్లు పీకి పందిరేసి, తర్వాత తర్వాత మెత్తబడి, ఇప్పుడు పెదవి చిట్లినా నోరు మెదపని స్థితికి వచ్చింది. ఇల్లంతా హమ్మయ్య అనుకుంది. తల్లీ అనుకుంది. ఇవాళ పొద్దుటిదాకా.

"ఏంటీ గోల పొద్దున్నే?" అంటూ మొగుడు వచ్చాడు. కాలిపోయిన మోటార్లకి కొత్త తీగ చుట్టే షాపు అతనిది. వేళ్ళ సందుల్లో ఎప్పుడూ రాగితీగ గీతలు ఉంటాయి. పిల్ల పెదవి చూసి, "డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామా?" అన్నాడు.

"పెదవి మానిపోతుంది. నేను పెదవి గురించి అనట్లేదు."

"మరి దేని గురించి?"

"దెబ్బ తగిలితే నా దగ్గరికి రాలేదండీ. మిషను దగ్గరికి వెళ్ళింది."

అతను పిల్ల పెదవిని ఇంకోసారి చూశాడు.  "ఈ వారం ఓపిక పట్టు," అన్నాడు మెల్లగా. "పెద్దాఫీసరు వచ్చి చూసి సరేనంటే నీ ఉద్యోగం ఖాయమవుతుంది. తర్వాత ఆలోచిద్దాం."

ఆమె గడియారం చూసింది. వెళ్ళాలి.

వెళ్ళడానికీ ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అత్తగారు మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కుట్టుమిషను చక్రం గిరగిరా తిప్పుతుంది. లాడ్జీలకి దిండు గలీబులు కుట్టే మిషను అది, కాస్త నూనె తగిలితే చాలు, జోరుగా తిరుగుతుంది. పిల్ల దాన్నే కళ్ళార్పకుండా చూస్తుంది. అత్తగారు వెనక్కి చెయ్యి పెట్టి 'వెళ్ళు, వెళ్ళు' అని ఊపుతుంది. కోడలు చెప్పులు చేత్తో పట్టుకుని దొడ్డిదారిన జారుకుంటుంది. అమ్మ పోవడం కనపడదు, పిల్ల ఏడవదు. ఎంత తెలివైన ఏర్పాటో!

ఆరోజూ చక్రం తిరిగింది. అత్తగారి చెయ్యి ఊగింది. దొడ్డి తలుపు దగ్గరికి వెళ్ళిన ఆమె ఎందుకో వెనక్కి తిరిగింది.

పిల్ల చక్రం కేసి చూడట్లేదు. నాయనమ్మ భుజం మీంచి సూటిగా దొడ్డి తలుపు కేసే చూస్తోంది. అమ్మను చూసింది. ఆమె చేతిలో చెప్పుల్నీ చూసింది. తర్వాత, ఇదంతా తనకు ఎప్పుడో తెలుసన్నట్టు, చక్రం వైపు తిరిగిపోయింది.



* * *

అద్దాల గది ప్లాట్‌ఫారాలకు పైన, మెట్లెక్కితే వస్తుంది. తలుపు మీద 'బయటివారికి ప్రవేశం లేదు' అని రాసి ఉంటుంది. ఆ అక్షరాలకు కాపలా అన్నట్టు సూపర్‌వైజరు పక్క గదిలోనే కూర్చుంటాడు. మంచివాడే, రూలు అనే మాట నోట్లో నానకపోతే ఆయనకి అన్నం అరగదు, అంతే.

"ప్రయాణికులకు మనవి. ఓడరేవు వెళ్ళే బస్సు మూడో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది..."

పొద్దున్నంతా చెప్పిందే చెప్పింది. కళ్ళ ముందు మాత్రం పిల్ల చూసిన చూపే. భోజనం వేళకి ఇక ఉండలేక, "సార్, ఒక్కసారి ఇంటికెళ్ళి వచ్చేస్తాను," అంది. "రికార్డు పెట్టి వెళ్తాను."

భోజనాల వేళ ఆమె గొంతే రికార్డులోంచి మోగుతుంది. అది రోజూ ఉండేదే. సూపర్‌వైజరు తల ఊపాడు. "రేపో మాపో పెద్దాఫీసరు దిగుతాడు. ఆయన వచ్చేటప్పటికి మాత్రం సీట్లో ఉండమ్మా. నీ తరఫున నేనొక్క ముక్క అడ్డం వెయ్యలేను."

మెట్లు దిగింది. జనంలోంచి దారి చేసుకుంటూ బయటి గేటు వైపు వెళ్తుంటే, చివరి ప్లాట్‌ఫారం దగ్గర బెంచీ మీద ఒక తెలిసిన బట్టతల కనిపించింది.

మామగారు!

ఆయన ఒళ్ళో పిడుగు. పక్కన ఆయనతో పాటు బస్సులు తోలి రిటైరైన పాత స్నేహితుడు. మాట్లాడితే మూడు వీధులకు వినపడుతుంది గనక ఆయన్ని అందరూ హారన్ తాత అంటారు. వాళ్ళిద్దరి తలల పైన, స్తంభానికి బిగించిన లౌడ్‌స్పీకరు.

'ఇదేంటి, పిల్లని ఇక్కడికి తెచ్చారు?' అనుకుంటూ ఆమె రెండడుగులు వేసిందో లేదో, పైనుంచి ఆమె గొంతే పలికింది. "ప్రయాణికులకు మనవి..."

ఆమె ఆగిపోయింది.

పిల్ల తలెత్తలేదు. అటూ ఇటూ చూడలేదు. గొంతు మోగినంతసేపూ పిడికిళ్ళు బిగించి, గడ్డం గుండెకి ఆనించి, నేల మీద ఎక్కడో చూపు గుచ్చి కూర్చుంది. గొంతు ఆగాక పిడికిళ్ళు వదిలింది. వాన వస్తే గొడుగు తెరిచి, వెలిశాక ముడిచినట్టు.

ఆమె దగ్గరికి వెళ్ళింది. ఎదురుగా నిలబడి, మెత్తగా పిలిచింది. "పిడుగూ!"

పిల్ల ఉలిక్కిపడి తలెత్తింది. తల్లి కేసి కాదు. పైనున్న లౌడ్‌స్పీకరు కేసి చూసింది. చూసి, తాత చొక్కాలో మొహం దాచేసుకుంది.

అమ్మ అక్కడే ఉంది. చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉంది.

"రామ్మా కోడలా రా!" అన్నాడు హారన్ తాత సంబరంగా. "ఇప్పుడే పైన మాట్లాడావ్, ఇంతలో కిందికి దిగావే! చూశావా మనవరాలు ఎంత బుద్ధిగా కూర్చుందో? మొదట్లో అబ్బో! నీ గొంతు వినపడ్డమే ఆలస్యం, తాత ఒళ్ళోంచి దూకేది. ఆ స్తంభం చుట్టూ పాకేది. బెంచీల కింద తల పెట్టి వెతికేది. వచ్చేపోయే ఆడవాళ్ళందరి మొహాల్లోకీ తొంగిచూసేది. నువ్వు దొరక్క ఒకటే ఏడుపు, ప్లాట్‌ఫారం దద్దరిల్లేది. ఇప్పుడు అలవాటైపోయింది. వెతకడమూ లేదు, ఏడవడమూ లేదు."

మామగారు నవ్వుతూ కోడలి మొహం చూశాడు. చూశాక నవ్వు సగంలో ఆగిపోయింది.

* * *

 ఇంటికి నడిచే దారిలోనే పిల్ల తాత భుజం మీద నిద్రపోయింది. ఇంట్లోకి రాగానే ఆమె మంచం మీద పిల్లని పడుకోబెట్టి, వంటగదిలోకి వచ్చి నిలబడింది.

"ఎన్నాళ్ళ నుంచి మావయ్యా?"

"నువ్వు ఉద్యోగంలో చేరిన మర్నాటి నుంచీనమ్మా."

"రోజూనా?"

"రోజూనే. నీకు ఎప్పుడైనా చెప్పి ఆశ్చర్యపెడదామనుకున్నాను."

"ఎందుకండీ అలా చేశారు? ఎందుకు?"

కేక పెద్దగానే వచ్చింది. కుట్టుమిషను ఆగింది. అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

మామగారు తడబడ్డాడు. "పిల్ల నీ కోసం బెంగెట్టుకుంది తల్లీ. అమ్మ ఎదురుగా లేకపోయినా అమ్మ గొంతైనా చెవిన పడితే ధైర్యంగా ఉంటుందని... నీ మొగుడు చిన్నప్పుడు అంతే. నేను డ్యూటీ దిగి వస్తూ వీధి మలుపులో హారన్ కొడితే చాలు, ఎంత ఏడుపులో ఉన్నా ఆపేసి గంతులేసేవాడు. కావాలంటే మీ అత్తయ్యని అడుగు."

"హారన్ కొట్టాక మీరు ఇంటికి వచ్చేవారు కదా మావయ్యా!"

ఆయన పీట దగ్గరికి లాక్కున్నాడు. 

"మీ హారన్ వినపడ్డ కాసేపటికి మీరు గుమ్మంలో ఉండేవారు. ఆయన్ని ఎత్తుకునేవారు. నేను? నేను రోజంతా పిలుస్తూనే ఉన్నాను. ఒక్కసారి కూడా రాలేదు. వెతికింది, ఏడ్చింది, అమ్మ రాలేదు. ఇక దానికి నా గొంతంటే ఏమిటి? నేను రానని చెప్పే గొంతు!"

పెద్దాయన నెమ్మదిగా పీట మీద కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి, అయినా తుడుస్తూనే ఉన్నాడు.

భోజనానికి వచ్చిన మొగుడు పొయ్యి మీద ఉడుకుతున్న గిన్నెను చూశాడు తప్ప, తండ్రిని చూడలేకపోయాడు.

"బాగుందమ్మా, చాలా బాగుంది!" అత్తగారు ఒంటికాలి మీద లేచింది. "ముసలాయన ప్రేమకొద్దీ మోసుకుని తిరిగితే ఆయన్ని నిలబెట్టి కడిగేస్తున్నావ్. మరి నీ సంగతేంటి? చెప్పులు చేత్తో పట్టుకుని దొడ్డిదారిన పోయేది ఎవరట?"

"నేనే."

అత్తగారికి ఆ జవాబు ఊహకందలేదు. తిట్టడానికి ఇంకా మాటలు మిగిలి ఉన్నాయి, కానీ వాటిని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"మీరు చెయ్యి ఊపారు, నేను వెళ్ళాను. ఏడవకుండా ఉంటే చాలనుకున్నాం. ఇవాళ చూశానత్తయ్యా, అది చక్రం చూడట్లేదు. నేను దొంగలా పోవడం చూస్తోంది." ఆమె చున్నీతో ముక్కు తుడుచుకుంది. "రేపటి నుంచి వీధి తలుపులోంచే వెళ్తాను. దాని ఎదురుగా, దానికి చెప్పి. ఏడిస్తే ఏడవనివ్వండి."

"ఏడవనివ్వాలా?" అత్తగారి గొంతు ఈసారి వేరేగా వచ్చింది. కోపంలా మొదలై మధ్యలో ఎక్కడో విరిగింది. "ఏడిస్తే మోసేదెవరే? నువ్వు మైకు దగ్గరికి, వాడు షాపుకి, ఈయన కాసేపు దాన్ని తిప్పి తెచ్చి స్నేహితుల దగ్గరికి. ఆ మొదటి నెల నీకేం తెలుసు? నీ కోసం గుక్కపెట్టి ఏడ్చి, మొహమంతా నీలంగా మారి... చంకనేసుకుని ఈ నాలుగు గోడల మధ్య తిరిగింది నేను. ఎత్తుకుంటే నన్ను తోసేసేది. నువ్వు కావాలి దానికి, నేను కాదు. నాయనమ్మనని కూడా చూసేది కాదు. మళ్ళీ అదంతా మోయడం నా వల్ల కాదమ్మాయ్!"

ఇన్నాళ్ళ కాపురంలో అత్తగారు తన వల్ల కాదని ఒప్పుకున్న మొట్టమొదటి పని అది.

 కోడలు వెళ్ళి ఆవిడ పక్కన నిలబడింది. పీట మీంచి మామగారు గొంతు సవరించుకున్నాడు.

"ఇద్దరం మోద్దాంలేవే," అన్నాడు భార్యతో. "ఇక నేను బస్ స్టేషన్ కేసి పోను."

* * *

మర్నాడు ఆమె పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "నేను పనికెళ్తున్నాను. సాయంత్రం వచ్చేస్తాను," అని చెప్పి వీధి తలుపులోంచి వెళ్ళింది. పిల్ల చక్రం కేసి చూస్తూ కూర్చుంది. ఆ మర్నాడూ అంతే. తలుపుకి చెప్పినా అంతకంటే నయంగా ఉండేదేమో.

సాయంత్రాలకి మామగారు ఒక ఉపాయం చెప్పాడు. తప్పు ఎక్కడ జరిగిందో తెలిశాక ఆయనకి నిద్ర పట్టట్లేదు పాపం. "నా హారన్ సంగతి అన్నావు కదా. నువ్వూ అలాగే చెయ్. వీధి మలుపులో ఒక్క కేక వెయ్, వెంటనే పరిగెత్తుకుంటూ వచ్చెయ్. గొంతు వెనకాలే మనిషి. మధ్యలో కూరల బండి దగ్గర ఆగావంటే మాత్రం నేనూరుకోను."

అలాగే చేసింది. మలుపు తిరగ్గానే "పిడుగూ, వస్తున్నా!" అని అరిచి, భుజాన సంచి ఎగిరిపడేలా పరుగు. వీధిలోవాళ్ళు కిటికీల్లోంచి తొంగిచూశారు. "అనౌన్సరమ్మకి ఏదో అయింది," అని గుసగుసలాడుకున్నారు. మామగారు పిల్లని ఎత్తుకుని కిటికీ దగ్గర తయారుగా ఉండేవాడు.

ఇంటికొచ్చాక ఆమె పిల్ల మీద పడి ముద్దులాడేది కాదు. నేల మీద చతికిలబడి, దారపు ఉండ దొర్లిస్తూ ఊరికే కూర్చునేది. పిల్ల దూరం నుంచి చూసేది. ఒకరోజు ఉండ తన కాలికి తగిలితే, దాన్ని వెనక్కి తోసింది. అంతే, ఇంకేం లేదు. ఆ రాత్రి ఆమె అన్నం రెండోసారి వడ్డించుకుంది.

ఇంకోనాడు మలుపులో ఆమె కేక వినగానే, ఇంకా మనిషి కనపడకముందే, పిల్ల మెడ సాచి వీధిలోకి చూసిందట. మామగారు ఆ ముక్క చెప్పేటప్పుడు కళ్ళజోడు మళ్ళీ తుడుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు పెద్దాఫీసరు. రేపు పొద్దున్నే తనిఖీ అని సూపర్‌వైజరు కబురు చేశాడు.

* * *

తనిఖీ నాడు ఇస్త్రీ బట్టలు వేసుకుని, గుర్తింపు కార్డు మెడలో తగిలించుకుని, ఆమె మామూలుగానే పిల్ల ముందు కూర్చుంది. "పనికెళ్తున్నాను. సాయంత్రం వస్తాను." పిల్ల ఆమె మొహం కేసే చూసింది.  అయినా ఆమె లేచింది. చెప్పులు తొడుక్కుంది. వీధిలోకి దిగింది.

అప్పుడు పడింది పిడుగు.

ఆ కేకకి ఎదురింటి కిటికీ తెరుచుకుంది. ఆమె గిరుక్కున తిరిగింది. పిల్ల గోడ పట్టుకుని, గోడ అయిపోయిన చోట దాన్నీ వదిలేసి, రెండు చేతులూ చాచి వస్తోంది. మొహమంతా ఎర్రబడి, నోరు ఇంత తెరిచి. అదే గడప. కాలు తగిలి పడింది. పడి, దెబ్బ సంగతి పట్టించుకోకుండా, అమ్మ కేసి చేతులు చాచి ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఆమె ఎలా వచ్చిందో, ఎప్పుడు ఎత్తుకుందో ఆమెకే తెలియదు. పిల్ల రెండు పిడికిళ్ళతో ఆమె మొహం మీదా భుజాల మీదా కొట్టింది. కొడుతూనే మెడ చుట్టూ చేతులేసి వాటేసుకుంది. కొట్టడమూ వాటేసుకోవడమూ ఒకేసారి. ఎన్ని నెలల కోపమో అది!

"కొట్టు తల్లీ, కొట్టు," అంటూ ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది. "కొట్టు. నేనే, అమ్మనే. ఇక్కడే ఉన్నాను."

ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. పిల్ల బరువు మొత్తం, ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నదంతా వదిలేసి, ఆమె భుజం మీద వాలింది.

"టైమైపోతోంది," అన్నాడు మొగుడు. అనకూడదని తెలుసు, అయినా అనక తప్పలేదు. "ఇవాళ ఆలస్యమైతే ఇన్నాళ్ళ కష్టం..." అంటూ పిల్ల కోసం చెయ్యి చాచాడు. పిల్ల తల్లి చున్నీని గుప్పిట్లో బిగించింది.

"దాన్ని పీకావంటే ఊరుకోను!" కేక వేసింది ఎవరనుకున్నారు? అత్తగారు. చక్రం తిప్పి కోడల్ని దొడ్డిదారి పట్టించిన ఆవిడే. కొడుకు చెయ్యి పక్కకి తోసేసి నిలబడింది. "ఇన్నాళ్ళకి నోరు విప్పింది నా తల్లి. ఇప్పుడు పీకావో!"

"మరి ఏం చెయ్యమంటావమ్మా? ఆఫీసరొస్తాడు!"

 

"పద తల్లీ," అన్నాడు మామగారు, చెప్పులు వెతుక్కుంటూ. "ఇద్దరూ పదండి. ఆ స్పీకరు డబ్బాలో అమ్మ ఉందని ఈ పిల్లని నమ్మించింది నేను. తప్పు రూట్లో ఎక్కించినవాణ్ణి, నేనే దించాలి."

"అద్దాల గదిలోకి ఎవర్నీ రానివ్వరు మావయ్యా."

"నేనెవర్నీ అడగబోవట్లేదుగా!"

* * *

సూపర్‌వైజరు నిజంగానే రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "రూలమ్మా, రూలు! పెద్దాఫీసరు కింద ఒకటో ప్లాట్‌ఫారం చూస్తున్నాడు. పదినిమిషాల్లో పైకి వస్తాడు!" మామగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "బాబూ, నలభయ్యేళ్ళు నీ స్టేషన్‌కి బస్సు తెచ్చాను. ఒక్క మాట విను," అంటూ మెల్లగా పక్క గదిలోకి నడిపించుకుపోయాడు.

ఆమె కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో పిల్ల. మైకు స్విచ్చి వేసింది. ఎర్రదీపం వెలిగింది.

"ప్రయాణికులకు మనవి..."

అద్దాల బయట, ప్లాట్‌ఫారాల మీదుగా, అదే గొంతు గంభీరంగా మోగింది. పిల్ల ఒళ్ళు బిగుసుకుంది. పిడికిళ్ళు ముడుచుకుంది. చూపు నేల మీదికి దిగింది.

ఆమె చెప్పడం ఆపలేదు. పిల్లని తన వైపు తిప్పుకుంది. "ఓడరేవు వెళ్ళే బస్సు..."

పిల్ల కళ్ళు మెల్లగా పైకి లేచాయి. అమ్మ పెదవులు కదులుతున్నాయి. బయట గొంతు మోగుతోంది. పిల్ల బయటికి చూసింది. మళ్ళీ పెదవులు చూసింది. బయటికి. పెదవులు. తర్వాత చిట్లి మానిన తన పెదవిని ముందుకు సాచి, ఏదో పెద్ద లెక్క తేల్చేదానిలా, అరచెయ్యి తెచ్చి అమ్మ నోటి మీద మూసేసింది.

గొంతు ఆగింది. లోపలా ఆగింది, బయటా ఆగింది.

చెయ్యి తీసింది.

"...మూడో ప్లాట్‌ఫారం..."

మూసింది. ఆగింది. తీసింది.

"...మీద..."

పిల్ల కిసుక్కున నవ్వింది. ఎన్ని నెలలకో! ఆ నవ్వు మైకులోంచి స్టేషనంతా పాకింది. కింద సామాన్లు మోస్తున్నవాళ్ళు, టికెట్లకు నిలబడ్డవాళ్ళు, ఇంజను వేసి తయారుగా ఉన్న డ్రైవర్లు, అందరూ తలెత్తి స్పీకర్ల కేసి చూశారు. చివరి ప్లాట్‌ఫారం దగ్గర హారన్ తాత బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు.

అప్పుడే తలుపు తెరుచుకుంది.

కోటు వేసుకున్న పొడుగాటి మనిషి. వెనకాల మొహం పాలిపోయిన సూపర్‌వైజరు. కొత్త మనిషిని చూసి పిల్ల బెదిరింది. కింది పెదవి వణికింది. చుట్టూ చూసింది. పట్టుకోవడానికి బల్లకాలు ఉంది, కుర్చీ చెయ్యి ఉంది.

పిల్ల దేన్నీ పట్టుకోలేదు. గిరుక్కున తిరిగి అమ్మ మెడలో మొహం దాచుకుని, గొంతెత్తి ఏడ్చింది.

ఆమె రెండు చేతులతో పిల్లని గుండెకి అదుముకుంది. "ఏం లేదమ్మా, ఏం లేదు, నేనున్నాను," అంది. ఆ మాటా, ఆ ఏడుపూ కలిసి అన్ని ప్లాట్‌ఫారాల మీదా మోగుతున్నాయి. ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

"ఎవరిదీ పిల్ల?" అన్నాడు పెద్దాఫీసరు. ఆయన ప్రశ్న కూడా స్టేషనంతా వినిపించింది.

సూపర్‌వైజరు ఆత్రంగా స్విచ్చి వైపు వేలు చూపించాడు, ఆపమని. ఆమె చూసింది. ఆపాలంటే ఒక చెయ్యి తియ్యాలి.

తియ్యలేదు. లేచి నిలబడింది. ఊరందరికీ తెలిసిన ఆ గొంతుతోనే జవాబిచ్చింది.

"నాదండీ. నా కూతురు."